డోలంత బొక్క

నేను ఒక కుర్చీని. తెల్ల ప్లాస్టిక్ కుర్చీని. చేతులున్నాయి, వీపుంది, నాలుగు కాళ్ళున్నాయి. కూర్చునే చోట మాత్రం బొక్క ఉంది. ముందే చెప్పేస్తున్నాను. తరవాత తెలిసి ముక్కు మూసుకునేకంటే ఇప్పుడే మూసుకోండి.

పుట్టినప్పుడు ఈ బొక్క లేదు. విజయవాడ అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గింజలు కరిగించారు, అచ్చులో పోశారు, నొక్కారు, తీశారు. అంతే. నా వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. అందరం ఒకటే ముఖం. మనుషులు దీన్ని చిన్నతనంగా చూస్తారు. వాళ్ళు మాత్రం పుట్టిన దగ్గర్నుంచి ఎవరి పోలికో వెతుక్కుంటారు.

నన్ను కొన్నది వెంకటప్పయ్య. రేపల్లె దగ్గర మూలపాలెంలో ఆయనకు సప్లయ్ కంపెనీ ఉంది. షామియానాలు, గుండిగలు, గరిటెలు, బల్లలు, మేము. కొన్న రోజే ఎర్ర రంగు తెచ్చి అందరి వీపుల మీదా ‘వె.స.కం.’ అని రాయించాడు. దొంగతనం జరగకూడదని. ఆ మూడు అక్షరాలే నా దొంగతనం జరిపిస్తాయని అప్పుడు ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

మీరు మనిషిని ముఖం చూసి గుర్తుపడతారు. నాకు రెండో వైపు తెలుసు. ముఖం అబద్ధం చెబుతుంది. రెండో వైపుకి ఆ తెలివి లేదు. పెళ్ళిలో కూర్చున్నవాడు వంటల పందిరి వైపు జరుగుతుంటాడు. పెద్దకర్మలో కూర్చున్నవాడు కదలడు, వడ్డన మొదలయ్యేదాకా. ఒకసారి ఎన్నికల సభలో ఒకాయన నా మీద కూర్చున్నాడు. తన వంతు రాగానే లేచి మైకు పట్టుకుని, ‘నాకు కుర్చీ మీద ఆశ లేదు’ అన్నాడు. అంటున్నంతసేపూ ఎడం చెయ్యి నా వీపు మీదే ఉంది. గట్టిగా పట్టుకున్నాడు. ఇంకెవరన్నా లాక్కుంటారని.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఎండకి తెలుపు పోయి పసుపు దిగింది. సాంబారు మరకలు దిగాయి. కొత్త కుర్చీలు వచ్చాయి. మమ్మల్ని వెనక వరసకి తోశారు.

ఆ వెనక వరసలోంచే సన్నాయి పేరయ్యని మొదటిసారి చూశాను.

పేరయ్యది మూలపాలెమే. వాళ్ళ నాన్న కూడా సన్నాయే. మనిషి మాట్లాడడు. ఊపిరంతా సన్నాయికి దాచుకుంటాడని ఊళ్ళో అంటారు. డోలు వాయించేది ఆయన బావమరిది కాశీలింగం. కాశీ నోరు మూతపడదు. ఇద్దరికీ కలిపి దేవుడు మాటలు సరిగ్గానే ఇచ్చాడు, పంపకంలోనే తేడా వచ్చింది.

ఆ రోజు ఏదో పెళ్ళి. తలంబ్రాలు అయ్యాయి, జనం భోజనాలకి పోయారు. మేళం వాళ్ళు కూర్చునే చోట, జంపఖానా మీద, పేరయ్య ఒక్కడే మిగిలాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాడు లేవలేకపోయాడు. కుడి కాలు బిగుసుకుపోయింది. కాశీ చంకల కింద చేతులు వేసి, బియ్యం బస్తాని లేపినట్టు లేపాడు. లేపుతూ అన్నాడు:

“ఏంది బావా, పెళ్ళికూతుర్ని కూడా ఇంత కష్టపడి లేపలేదు.”

పేరయ్య పళ్ళు బిగించాడు.

వెంకటప్పయ్య చూశాడు. ఆయన మంచివాడే, పాతబడిన సామాను విషయంలో. “పేరయ్యా, నేల మీద కూకోలేకపోతన్నావు. ఈ కుర్చీ తీసుకుపో. ఇంట్లో ఏసుకో,” అని నన్ను చూపించాడు. వీపు మీద అక్షరాలు చెరపలేదు. బద్ధకం. ఆ బద్ధకమే ఈ కథ.

ఇంటికి వచ్చాక తెలిసింది, పేరయ్య బాధ మోకాలుదని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. నొప్పి అక్కడే తెలిసేది మరి. ఆయన భార్య వజ్రమ్మ రోజూ ఆ మోకాలికి నూనె రుద్దేది. కర్పూరం కలిపి ఒకసారి, వెల్లుల్లి కాచి ఒకసారి. కాశీ ఎవరో చెప్పారని జిల్లేడాకు వెచ్చచేసి కట్టాడు. ఊళ్ళో సూది మందు వేసే ఆయన కూడా మోకాలి దగ్గరే పొడిచాడు. నిజానికి ఆ మోకాలు ఏ పాపం ఎరగదు. పైన తుంటి తప్పు చేస్తుంటే కింద మోకాలు దెబ్బలు తినింది. మనుషుల్లోనూ ఇలా జరగడం పందిళ్ళలో చూశాను.

ఆఖరికి తెనాలి వెళ్ళి ఎక్స్‌రే తీయించారు. అక్కడి డాక్టరమ్మ తుంటి అరిగిందని చెప్పింది. తిరిగొచ్చాక కాశీ ఆ కాగితం వెలుతురుకి పెట్టి చూసి, వీధి మొత్తానికి వినపడేలా తీర్పు చెప్పాడు.

“ఇన్నేళ్ళు పెళ్ళిభోజనాలు తిన్నాడు. తిన్నది అరగలా. తుంటి అరిగింది.”

వజ్రమ్మ నవ్వింది. తరవాత లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను, చూశాను.

పేరయ్య డాక్టరమ్మని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. ఆపరేషన్ చేయించుకుంటే మళ్ళీ బాసింపట్టు వెయ్యొచ్చా అని. అప్పుడు కూడా కష్టమేనందట. ఇప్పుడే కోత అవసరం లేదు, ముందు బరువు తగ్గు, కాలికి బలం తెచ్చుకో, నేల మీద కూర్చోకు, గొంతుక్కూర్చోకు. ఇవన్నీ చేసినా నిద్ర పట్టనంత నొప్పి వస్తే అప్పుడు ఆలోచిద్దాం అందట.

అంటే కోసినా కొయ్యకపోయినా నేల పోయింది. సన్నాయి వాడికి నేల పోవడమంటే ఏమిటో నాకు పందిళ్ళలో తిరిగినదాన్ని కాబట్టి తెలుసు. మేళం వాళ్ళకి కుర్చీ వేసిన పెళ్ళి మా వైపు నేను చూడలేదు.

అన్నిటికంటే ముందు పొద్దున పని ఒకటుంది. వాళ్ళ ఇంట్లో దొడ్డి నేలబారుది. గొంతుక్కూర్చోవాలి. పేరయ్య లోపలికి వెళ్తే బయట వజ్రమ్మ, కాశీ కాపలా. లేవలేక పిలిస్తే ఎవరు వెళ్ళాలని వాళ్ళిద్దరికీ రోజూ తగువు.

“నీ తమ్ముణ్ణి నేను, ఆయన పెళ్ళాన్ని కాదు,” అంటాడు కాశీ.

“పెళ్ళికి డోలు కొట్టింది నువ్వేగా, పో,” అంటుంది వజ్రమ్మ.

ఆ తగువు తీరడానికి నన్ను బలి ఇచ్చారు. కుర్చీకి బొక్క పెట్టి దొడ్లో వేద్దామని కాశీకి తోచింది. ఎంత బొక్క పెట్టాలో తోచలేదు. ఏ గిన్నో మూతో తెచ్చి కొలిస్తే సరిపోయేది. కాశీ డోలు మనిషి. లోకంలో గుండ్రంగా ఉన్నదంటే ఆయనకు ఒకటే. డోలు తెచ్చి నా మీద నిలబెట్టి చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. కత్తి పొయ్యిలో ఎర్రగా కాల్చి కోశాడు. నొప్పి గురించి నన్ను ఎవరూ అడగలేదు. ఏ ఆకూ కట్టలేదు.

బొక్క చూసి వజ్రమ్మ నోరు నొక్కుకుంది.

“ఒరే కాశీ, ఇది కుర్చీయా, బావియా? మనిషి లోపలికి పోతే?”

“పోడు అక్కా. చేతులు పట్టుకుంటాడుగా.”

అంచు గీరుకోకుండా పాత సైకిలు ట్యూబు కోసి చుట్టూ బిగించాడు. కాళ్ళు జారకుండా కింద నీలం రంగు హవాయి చెప్పులు ముక్కలు చేసి మేకులు కొట్టాడు. ట్యూబు, చెప్పులు. ఈ రెండూ గుర్తుంచుకోండి.

మర్నాడు పేరయ్య లోపలికి వెళ్ళి, ఎవర్నీ పిలవకుండా, తనే బయటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూశాడు. అంత తృప్తి ఏ పెళ్ళికొడుకు ముఖంలోనూ చూడలేదు నేను.

తరవాత ఎస్తేరు వచ్చింది. తెనాలి ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి. వాళ్ళ అత్తగారిది మూలపాలెమే కనుక సెలవు రోజున వచ్చి చూసేది. మొదటి రోజే పేరయ్య నడక చూసి ఆపింది.

“కర్ర ఏ చేత్తో పట్టుకున్నావు బాబాయ్?”

“కుడి.”

“నొప్పి?”

“కుడి.”

“మరి ఎడం చేత్తో పట్టుకోవాలి.”

కాశీ మధ్యలోకి వచ్చాడు. “నొప్పి ఇక్కడుంటే కర్ర అక్కడెందుకమ్మా? ఇల్లు ఇటు కారుతుంటే అటు తాటాకు కప్పుతామా?”

“నువ్వు డోలు ఒక పక్కే కొడతావా అన్నా? ఇదీ అంతే. కుడి కాలు నేల మీద పెట్టేటప్పుడు ఎడం చేతిలో కర్ర కూడా పడాలి. బరువు ఇద్దరూ పంచుకుంటారు. తుంటి ఊపిరి పీల్చుకుంటది.”

పేరయ్య చెయ్యి మార్చాడు. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ నడిచాడు. అప్పుడు ఎస్తేరు చెప్పింది, తుంటి అంటే రుబ్బురోట్లో పొత్రం లాంటిదని, నునుపు పోయినా పొత్రాన్ని తిప్పుతూనే ఉండాలని, ఆపితే ఇంకా బిగుసుకుంటుందని. నొప్పి పెరిగితే తగ్గించాలి, మానకూడదు.

అప్పటి నుంచి నాకు రెండో ఉద్యోగం వచ్చింది. పొద్దున దొడ్లో పని అయ్యాక వజ్రమ్మ నన్ను బూడిద పెట్టి తోమి, కడిగి, వాకిట్లో వేస్తుంది. పేరయ్య నా వీపు పట్టుకుని నిలబడి కుడి కాలు పక్కకి ఎత్తుతాడు, దించుతాడు. తరవాత ఎడమది. పాలకి పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

“ఏం పేరయ్యా, కుక్కలకి స్తంభాలు దొరికితే నీకు కుర్చీ దొరికిందా?”

పేరయ్య ఎత్తిన కాలు దించడు.

ఆ తరవాత నా మీద పీట వేసేవారు. దాని మీద కూర్చుని లేవాలి. చేతులు పట్టకుండా. ఎస్తేరు చెప్పిన పద్ధతి ఏమిటంటే, పాదాలు వెనక్కి లాక్కోవాలి, ముందుకి వంగాలి, ముక్కు మోకాళ్ళు దాటాలి, అప్పుడు లేవాలి. కాశీ దీనికి తాళం కట్టాడు. పక్కన కూర్చుని తొడ మీద కొడుతూ అనేవాడు:

“ముక్కు ముందు, ముడ్డి తరవాత! ముక్కు ముందు, ముడ్డి తరవాత!”

వీధిలో చిన్నపిల్లలు కూడా నేర్చుకున్నారు. వజ్రమ్మ తిట్టింది. లాభం లేదు. మంచి మాటలు అంత త్వరగా రావు.

బరువు తగ్గించడం ఇంకో కథ. పెళ్ళిళ్ళలో మేళం వాళ్ళకి ఆఖరి బంతిలో వడ్డిస్తారు. ఆఖరి బంతిలో కొసరెక్కువ. లడ్లు మిగిలితే విస్తట్లో కుప్ప పోస్తారు. వజ్రమ్మ తమ్ముడి చేత ప్రమాణం చేయించింది, బావ విస్తట్లో స్వీటు పడితే తీసెయ్యాలని. కాశీ మాట తప్పలేదు. తీసి తనే తిన్నాడు. పేరయ్య చిక్కాడు, కాశీ బలిశాడు. తక్కెడ అటూ ఇటూ మారింది అంతే.

నొప్పి పోయిందని చెప్పను. వాన పట్టిన రోజుల్లో తెలిసేది. అప్పుడు వేడి కాపడం, బాగా ఎక్కువైతే డాక్టరమ్మ రాసిన మాత్ర. కానీ మనిషి నడుస్తున్నాడు. ఊరేగింపులో నిలబడి వాయిస్తున్నాడు. నేల మీద కూర్చోవడం ఒక్కటే కుదరదు. కూర్చున్నా కాసేపే. ఊపిరి మధ్యలో తెగేది.

అప్పుడు వచ్చాడు మిల్లు సుందర్రామయ్య. మూలపాలెంలో పెద్ద మిల్లు ఆయనదే. కూతురి పెళ్ళి. వస్తూనే వాకిట్లో నన్ను చూసి, కండువా దులిపి, కూర్చోబోయాడు.

“అయ్యో, అందులో కూకోమాకండి!” అని వజ్రమ్మ కేక పెట్టింది. చేతిలో చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఆయన గాల్లో ఆగిపోయాడు. ఆ వయసులో అంతసేపు ఆగాడంటే తొడల్లో బలం ఉన్నట్టే. మంచం వాల్చారు. కూర్చుని విషయం చెప్పాడు. ముఖం గంటు పెట్టుకునే చెప్పాడు.

“పేరయ్యా, నువ్వు కింద కూకోలేకపోతన్నావని విన్నా. మా పందిట్లో పద్ధతి పద్ధతే. పంతులుగారు పీట మీద, పెళ్ళికొడుకు పీట మీద. నువ్వు కుర్చీలోనా? సన్నాయి మేళమా, రికార్డు డాన్సా అంటారు. కుదరదంటే ఇప్పుడే చెప్పు, చీరాల మేళాన్ని పిలుస్తా.”

కాశీ నోరు తెరిచాడు. పేరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“కూకుంటా,” అన్నాడు.

ఆయన వెళ్ళాక కాశీ గొంతు మొదటిసారి నెమ్మదిగా విన్నాను. “బావా, ఊరంతా చూసే పెళ్ళి. మధ్యలో లేవలేకపోయినా, ఊపిరి తెగినా, ఇంక ఈ చుట్టుపక్కల మనల్ని పిలిచేవాడు ఉండడు. మానేద్దాం అంటే మానేద్దాం.”

పేరయ్య సన్నాయి తీసి పీకె సరిచూసుకున్నాడు. పీకె అంటే నోట్లో పెట్టుకునే రెల్లు ముక్క. అదే ఆయన జవాబు.

పెళ్ళి రోజు వచ్చింది. పగటి ముహూర్తం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వజ్రమ్మ ముందు రోజు సాయంత్రం నన్ను కడిగి వీధి గోడ పక్కన ఆరేసింది. ఆమె పాలకి వెళ్ళింది. అదే సమయానికి వెంకటప్పయ్య మనుషులు ఇద్దరు ట్రాలీ ఆటోలో పోతున్నారు. కుర్చీలు తగ్గాయట. ఒకడు నన్ను చూశాడు. ముందు నన్ను కాదు, నా వీపుని.

“అరే, వె.స.కం. మనదే. మొన్నటి పెళ్ళిలో ఎవరో మోసుకొచ్చి గోడకి పెట్టుకున్నారు. దొంగ నాయాళ్ళు.”

ఎత్తి ఆటోలో ఇంకో కుర్చీ మీద గుచ్చారు. కింద తెల్ల కుర్చీ, పైన తెల్ల కుర్చీ. బొక్క కనపడలేదు.

పందిట్లో ఇప్పుడు కుర్చీలకి గౌన్లు తొడుగుతున్నారు. మీరు చూసే ఉంటారు. తెల్ల గుడ్డ, వెనకాల ఎర్ర రిబ్బను, దానికి పువ్వు ముడి. తొడిగేవాడు వంటల పందిరి వైపు చూస్తూ తొడిగాడు, అక్కడ ఉప్మా వాసన వస్తోంది. నాకు గౌను పడింది, రిబ్బను పడింది. ముందు వరసలో, పెద్దవాళ్ళ కోసం, మధ్యలో వేశారు. దొడ్లోంచి ముందు వరసకి. అలా వచ్చినవాళ్ళని సభల్లో చాలామందిని చూశాను. వాళ్ళకీ గౌనే.

ఇంటి దగ్గర ఏం జరిగిందో నాకు తరవాత మాటల్లో తెలిసింది. పేరయ్య లేచాడు. దొడ్లోకి వెళ్ళాడు. నేను లేను. వాకిట్లో లేను, గోడ పక్కన లేను. వెతుకుతుండగానే టైమైపోయింది. ఆ పొద్దున ఆయన పని జరగలేదు. అలాగే పట్టుపంచె కట్టుకుని, సన్నాయి చంకలో పెట్టుకుని పందిట్లోకి వచ్చాడు.

ముందు వరసలోంచి నాకు మేళం వేదిక బాగా కనపడుతోంది. కాశీ సాయంతో పేరయ్య జంపఖానా మీద కూర్చున్నాడు. బాసింపట్టు వేశాడు. కుడి మోకాలు నేలకి ఆనడం లేదు, గాల్లో నిలబడింది. వాయించడం మొదలుపెట్టాడు. కాసేపు బాగానే ఉంది. తరవాత నుదుటి మీద చెమట. ఇంకాసేపటికి పైస్థాయిలో ఊపిరి తెగింది. కాశీ డోలు మీద గబగబా నాలుగు దెబ్బలు వేసి కప్పిపుచ్చాడు. మళ్ళీ తెగింది. మళ్ళీ కాశీ. అవతల సుందర్రామయ్య మెడ తిప్పి చూశాడు.

పేరయ్య కర్ర పట్టుకుని లేచాడు. నిలబడ్డాడు. పందిరి గుంజకి వీపు ఆనించి వాయించసాగాడు. సుందర్రామయ్య కళ్ళతోనే ‘కూచో’ అన్నాడు. పేరయ్య కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్న సన్నాయి వాడిని ఎవరూ ఏమీ అనలేరు. మైమరిచాడు అనుకోవాలి.

కళ్ళు తెరిచేసరికి నన్ను చూశాడు.

కూర్చుని ఉంటే జనం తలలు అడ్డం వచ్చేవి. నిలబడ్డాడు కనుక కనపడింది. గౌను కింద నుంచి నాలుగు నీలం హవాయి చెప్పు ముక్కలు. కాశీ కొట్టిన మేకులతో సహా. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. అదే సమయానికి పెళ్ళికొడుకు పెదనాన్న వీరభద్రయ్యగారిని తీసుకొస్తున్నారు. మనిషి ధాన్యం గాదెలా ఉంటారు. చేతికి బంగారు కడియం, ముఖం మీద మనకేం తక్కువ చేస్తారో చూద్దామన్న కోపం. సుందర్రామయ్య స్వయంగా చెయ్యి పట్టుకుని, “రండి బావగారూ, ఇట్టా మధ్యలో,” అని నా దగ్గరికి తెచ్చాడు.

నోట్లో సన్నాయి ఉన్నవాడు ఎవర్నీ పిలవలేడు. పేరయ్య కనుబొమలు ఎగరేశాడు. తల అడ్డంగా ఊపాడు. రాగంలో లీనమయ్యాడనుకుని ముందు వరసలో ఒకాయన తనూ తల ఊపాడు.

వీరభద్రయ్యగారు కూర్చున్నారు.

మొదట గుడ్డ ఆపింది. గుడ్డ ఎంతసేపు ఆపుతుంది? మెల్లగా దిగారు. అంచున సైకిలు ట్యూబు గుడ్డని పట్టింది, గుడ్డ పంచెని పట్టింది, పంచె ఆయన్ని పట్టింది. డోలంత బొక్కలో డోలంత మనిషి. మోకాళ్ళు గడ్డం దగ్గరకొచ్చాయి. ఆయనకి ఏం జరుగుతోందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పెద్దవాళ్ళు కిందకి పోతున్న సంగతి పెద్దవాళ్ళకి ఆలస్యంగానే తెలుస్తుంది.

అక్కడ వేదిక మీద పెళ్ళికొడుకు మంగళసూత్రం పట్టుకుని నిలబడ్డాడు. ముహూర్తం వచ్చేసింది. కానీ ఫొటోలు తీసేవాడు, “పంతులుగారూ, ఒక్క నిమిషం, లైటు రాలేదు,” అంటున్నాడు. పంతులుగారు చెయ్యి సగం ఎత్తి ఆగారు. ఆ సైగ కోసం మేళం కూడా ఆగింది. పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వీరభద్రయ్యగారు లేవబోయారు. నేనూ ఆయనతోపాటు లేచాను. ఆయన ముఖం ఎర్రబడింది. నోరు తెరిచారు.

ఆ నోట్లోంచి ఏం రాబోతోందో నాకు తెలుసు. నొప్పి పుట్టినప్పుడు మా వైపు మనిషి అనే మాట ఒకటే. తాళి కట్టే క్షణంలో పెళ్ళికొడుకు సొంత పెదనాన్న నోటి నుంచి ఆ మాట వినపడితే ఇంక ఆ పెళ్ళి పెళ్ళిలా ఉండదు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో చెయ్యి విరిగినా గేదె చచ్చినా ఆ మాటే తలుస్తారు.

పంతులుగారు చెయ్యి ఊపలేదు. ‘గట్టిమేళం’ అని ఎవరూ అనలేదు. పేరయ్య గుంజ వదిలి ముందుకి ఒక అడుగు వేసి, రెండు కాళ్ళ మీదా నిలబడి, కడుపులో ఉన్న ఊపిరంతా ఒక్కసారి ఊదాడు. కాశీ ఉలిక్కిపడి డోలు మీద పడ్డాడు.

“చచ్చాన్రోయ్!” అన్నారు వీరభద్రయ్యగారు.

నేను తప్ప ఎవరూ వినలేదు.

పంతులుగారు తనే చెయ్యి ఊపానేమో అనుకున్నారు. పెళ్ళికొడుకు గబగబా మూడు ముళ్ళు వేసేశాడు. అక్షింతలు వాన కురిసినట్టు పడ్డాయి. వీరభద్రయ్యగారు నోరు బార్లా తెరిచి, రెండు చేతులూ పైకెత్తి అరుస్తూనే ఉన్నారు. పక్కనున్నవాళ్ళు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. పెదనాన్న ఎంతగా ఆశీర్వదిస్తున్నాడో చూడండి అని. పేరయ్య ఆపలేదు. ఆయన అరుపు ఆగేదాకా ఆపలేదు. అంత పొడుగు గట్టిమేళం మూలపాలెంలో ఎవరూ ఎరగరు.

మేళం ఆగాక సంగతి బయటపడింది. ఇద్దరు వచ్చి చేతులు పట్టి లాగారు. మేమిద్దరం కలిసి లేచాం, కలిసి కూలబడ్డాం. అప్పుడు కాశీ డోలు దింపి వచ్చాడు. నా వెనక కాళ్ళ మీద తన పాదాలు వేసి తొక్కి పట్టాడు.

“అయ్యా, లాగితే రాదు. పాదాలు ఎనక్కి లాక్కోండి. ఇంకా. ఇప్పుడు వంగండి. ముక్కు మోకాళ్ళు దాటాల. ముక్కు ముందు...” అని కాశీ ఒక్క క్షణం ఆగాడు. ఎదుట ఉన్నది పెద్దమనిషి. “ముక్కు ముందు, రెండోది తరవాత. ఊఁ, లెగండి!”

సీసా బిరడా ఊడిన చప్పుడు వచ్చింది. ఆయన నిలబడ్డారు. గౌను నా బొక్కలో వేలాడింది.

“ఎవడి కుర్చీరా ఇది?” అని సుందర్రామయ్య రంకె వేశాడు.

వెంకటప్పయ్య పరుగున వచ్చాడు. గౌను ఎత్తి చూశాడు. బొక్క చూశాడు. ట్యూబు చూశాడు. నా వీపు మీద తన మూడు అక్షరాలు చూశాడు. మెల్లగా తల తిప్పి వేదిక మీద పేరయ్యని చూశాడు. పేరయ్య నేల చూశాడు. ఇది ఏమిటో, రోజూ పొద్దున ఎక్కడుంటుందో ఆ పందిట్లో వాళ్ళిద్దరికీ, కాశీకీ, వజ్రమ్మకే తెలుసు. ఒక్క మాట బయటికి వస్తే పేరయ్య సన్నాయి అటకెక్కుతుంది. వెంకటప్పయ్య కంపెనీ కూడా. వీరభద్రయ్యగారి సంగతి చెప్పక్కర్లేదు, ఆయన ఇంటికి పోకుండా కాలవలో దూకేవారు.

“పాత సరుకండీ,” అన్నాడు వెంకటప్పయ్య. “ఎండకి మధ్యలో పగిలింది. తప్పయిపోయింది.”

“తీసి అవతల పారెయ్!”

“ఆగండి బావగారూ,” అన్నారు వీరభద్రయ్యగారు. పంచె సర్దుకుంటున్నారు. అరుపంతా అయిపోయి గొంతు బొంగురుపోయింది. “ఆ సన్నాయి ఆయన ముహూర్తం దాటనీకుండా అందుకున్నాడు. ఫొటోలోడి మాట ఇని కూచుంటే ఏమయ్యేది? ఇందాకట్నుంచీ కుంటుకుంటా నిలబడ్డాడు, కనపడట్లా మీకు? ఆ కుర్చీ ఆయనకెయ్యండి. మీద ఒక పీట పెడితే సరి. బక్కోడు, ఆగుద్ది.”

మగపెళ్ళివారి పెద్ద మాట. సుందర్రామయ్యే పీట తెమ్మని సైగ చేశాడు.

అలా నన్ను మేళం వేదిక ఎక్కించారు. గౌను సరిచేశారు. పీట పెట్టారు. పేరయ్య నా మీద కూర్చున్నాడు. పాదాలు ఆనాయి, వీపు ఆనింది. ఊరంతా చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఆయన వాయించాడు. ఆ ఊపిరి ఎక్కడా తెగలేదు. ఎప్పటి నుంచో లోపల చుట్టి పెట్టుకున్నది విప్పినట్టు వచ్చింది. పంతులుగారు మంత్రం ఆపి విన్నారు. వజ్రమ్మ ఆడవాళ్ళ మధ్య నిలబడి చూస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అక్కడి నుంచి నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

ఒక్కటే చిక్కు. ఒంటికి అలవాటు ఉంటుంది. ఇన్నాళ్ళుగా పొద్దున్నే నా మీద కూర్చుంటే ఏం జరగాలో పేరయ్య ఒంటికి తెలుసు. పైగా ఆ పొద్దుటి పని బాకీ. కాసేపటికి ఆయన వేళ్ళు చురుగ్గా కదలడం మొదలుపెట్టాయి. కాశీ అర్థం కాక డోలు పరుగెత్తించాడు. ఆఖరి కీర్తన ఇద్దరూ గుర్రాల మీద వెళ్ళినట్టు ముగించారు. మంగళం వాయించిన మరుక్షణం పేరయ్య లేచాడు. ముక్కు ముందు. కర్ర ఎడం చేతిలో, నేను కాశీ నెత్తి మీద. తుంటి అరిగిన మనిషి అంత వేగంగా నడవడం ఎస్తేరు చూస్తే ఆసుపత్రిలో అందరికీ చెప్పేది.

పందిట్లో జనం అనుకున్నారట, ఎంత నిష్ఠ, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు అని.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. పేరయ్య ఇంకా కోత లేకుండానే నడుస్తున్నాడు. డాక్టరమ్మ అప్పుడప్పుడూ చూసి, ఇప్పటికి ఇలాగే కానివ్వు అంటుంది. రేపు అవసరం పడొచ్చు. పడితే అప్పుడే చూసుకుంటాడు. కాలు ఎత్తడం మానలేదు. స్వీట్లు కాశీయే తింటున్నాడు. ఈ మధ్య కాశీకి మోకాలు నొప్పి మొదలైంది. మోకాలిదే అంటున్నాడు. ఎస్తేరు నవ్వుతోంది.

చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఇప్పుడు మేళం వాళ్ళకి కుర్చీలు వేస్తున్నారు. మిల్లు సుందర్రామయ్య ఇంట్లోనే వేశారు కదా, ఇంక మనదేముంది అని. పేరయ్య మాత్రం తన కుర్చీ తనే తెచ్చుకుంటాడు. ఏ ఊళ్ళో దొడ్డి ఎలా ఉంటుందో తెలియదు. వెంకటప్పయ్య ఒక గౌను ఉచితంగా ఇచ్చాడు. వీపు మీద అక్షరాలు మాత్రం దగ్గరుండి చెరిపించాడు. పొద్దున గౌను లేకుండా ఒక పని, పొద్దెక్కాక గౌను వేసుకుని ఇంకో పని. కుడి ముందుకాలికి పగులు వచ్చింది. నాకూ అరుగుతోంది. కాశీ తీగ చుట్టాడు. నాకూ కోత అక్కర్లేదట.

మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి నాయనమ్మ పేరయ్య పక్కన ఆగింది. నా చెయ్యి నిమిరింది.

“ఏం పేరయ్యా, ఇన్ని కొత్త కుర్చీలుంటే ఇంటి దగ్గర్నుంచి ఈ పాతదే మోసుకొస్తావు. అంత సుకమా ఇందులో?”

పేరయ్య పీకె నోట్లోంచి తీశాడు.

“గాలాడుద్దమ్మా,” అన్నాడు.